వెనక్కి వేసిన అడుగు: డర్క్ నోవిట్స్కీ ఆట ఎక్కడ, ఎలా మారింది

2007 మే 15న డర్క్ నోవిట్స్కీని ఆ ఏడాది అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అత్యంత విలువైన ఆటగాడిగా ప్రకటించారు. ఐరోపా నుంచి వచ్చిన ఆటగాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అయితే అప్పటికి పన్నెండు రోజుల ముందే అతని జట్టు డాలస్ మావెరిక్స్ ప్లేఆఫ్స్ (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే నాకౌట్ సిరీస్‌లు) నుంచి ఇంటిదారి పట్టింది. 82 మ్యాచ్‌లలో 67 గెలిచి లీగ్ మొత్తానికి అగ్రస్థానంలో నిలిచిన ఆ జట్టును, 42 గెలుపులతో ఎనిమిదో స్థానంలో ఎలాగోలా చోటు సంపాదించుకున్న గోల్డెన్ స్టేట్ వారియర్స్ మొదటి రౌండ్‌లోనే 4-2 తేడాతో ఓడించింది. ఆఖరి మ్యాచ్‌లో నోవిట్స్కీ పదమూడు షాట్లు వేస్తే రెండే పడ్డాయి, అతని ఖాతాలో చేరినవి 8 పాయింట్లు. పురస్కారం అందుకుంటున్నప్పుడు అతని ముఖంలో సంతోషం కంటే ఇబ్బందే ఎక్కువగా కనిపించింది.

నాలుగేళ్ల తర్వాత, 2011 జూన్ 12న, అదే నోవిట్స్కీ డాలస్‌కు తొలి టైటిల్ తెచ్చిపెట్టి ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. ఈ రెండు తేదీల మధ్య కథను సాధారణంగా పట్టుదల కథగా, గుండె నిబ్బరం కథగా చెబుతారు. అందులో అబద్ధం లేదు కానీ, అలా చెబితే అసలు పని మరుగున పడిపోతుంది. ఓటమికి కారణం కోర్టులో ఒక నిర్దిష్టమైన చోట ఉంది, గెలుపు మరో నిర్దిష్టమైన చోట దొరికింది. బంతి ఎక్కడ అందుకోవాలి, అందుకున్నాక ఎన్నిసార్లు నేలకు కొట్టాలి, ఏ కాలి మీద ఎగరాలి అనే ప్రశ్నలకు అతను వెతుక్కున్న జవాబుల వరుసగా చూస్తేనే అతని ఇరవై ఒక్క సీజన్ల ఆట సరిగ్గా అర్థమవుతుంది.

నోవిట్స్కీ 1978 జూన్ 19న పశ్చిమ జర్మనీలోని వుర్జ్‌బుర్గ్‌లో పుట్టాడు. తల్లి హెల్గా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి, తండ్రి యోర్గ్ హ్యాండ్‌బాల్ ఆటగాడు. అతను కూడా చిన్నప్పుడు హ్యాండ్‌బాల్, టెన్నిస్ ఆడి, ఎత్తు పెరిగే కొద్దీ బాస్కెట్‌బాల్ వైపు వచ్చాడు. పదిహేనేళ్ల వయసులో అతని ఆట హోల్గర్ గెష్‌విండ్నర్ కంటపడింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పశ్చిమ జర్మనీ జట్టుకు నాయకత్వం వహించిన గెష్‌విండ్నర్ గణితం, భౌతికశాస్త్రం చదువుకున్న మనిషి. ఆయన శిక్షణ అప్పటి పద్ధతులకు పూర్తిగా భిన్నంగా ఉండేది. బరువులు ఎత్తించడానికి బదులు పడవ నడపడం, కత్తిసాము అడుగులు నేర్పారు, పుస్తకాలు చదవమన్నారు, సంగీత వాద్యం పట్టుకోమన్నారు. బాంబెర్గ్ సమీపంలోని రాటెల్స్‌డోర్ఫ్‌లో ఒక చిన్న వ్యాయామశాలలో గంటల తరబడి షాట్లు వేయించేవారు. నోవిట్స్కీ ఎన్‌బీఏలో పేరు తెచ్చుకున్నాక కూడా ప్రతి వేసవిలో ఆ శాలకే తిరిగి వచ్చేవాడు.

ఆ శిక్షణకు మూలం రేఖాగణితం. రింగు వ్యాసం సుమారు 46 సెంటీమీటర్లు, బంతి వ్యాసం సుమారు 24. బంతి నిట్టనిలువుగా పైనుంచి పడితే దానికి మొత్తం 46 సెంటీమీటర్ల ద్వారం దొరుకుతుంది. 45 డిగ్రీల కోణంలో వాలుగా వస్తే ఆ ద్వారం సుమారు 32 సెంటీమీటర్లకు కుంచించుకుపోతుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది 23 సెంటీమీటర్లే కాబట్టి, బంతి రింగును తాకకుండా లోపలికి జారడం అసాధ్యమవుతుంది. ఈ లెక్క ప్రకారం బంతిని ఎంత ఎత్తుకు లేపితే అంత మంచిదనిపిస్తుంది కానీ, వంపు మరీ పెరిగితే దూరం పెరుగుతుంది, బలం ఎక్కువ కావాలి, ఆ బలంలో ఏ కాస్త తేడా వచ్చినా గురి తప్పుతుంది. ఈ రెండింటి మధ్య ఒక మేలైన కోణం ఉంటుంది, అది విసిరేవాడి ఎత్తును బట్టి, చేతుల పొడవును బట్టి మారుతుంది. గెష్‌విండ్నర్ ఆ కుర్రవాడి శరీర కొలతలకు సరిపడే కోణాన్ని లెక్కగట్టి, మణికట్టు, వేళ్లు, మోకాళ్లు దానికి అనుగుణంగా కదిలేలా షాట్‌ను కొత్తగా నిర్మించారు. చిన్న పొరపాటు జరిగినా బంతి లోపలికే పోవాలన్నది ఆ నిర్మాణంలోని ఉద్దేశం. అతను ఆటను ముగించేనాటికి, ఫౌల్ జరిగినప్పుడు ఎవరి అడ్డూ లేకుండా వేసే ఫ్రీ త్రోలలో సఫలత 87.9 శాతం. ఏడడుగుల మనిషికి ఆ అంకె అపురూపం.

1998 మార్చిలో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో హూప్ సమ్మిట్ అనే ప్రదర్శన మ్యాచ్ జరిగింది. అమెరికా కుర్రాళ్ల జట్టుపై ప్రపంచ జట్టు తరఫున ఆడిన పంతొమ్మిదేళ్ల నోవిట్స్కీ 33 పాయింట్లు సాధించి, 14 రీబౌండ్లు (షాట్ తప్పి తిరిగొచ్చిన బంతులు) పట్టాడు. అప్పటికి అతను ఆడుతున్నది జర్మనీ రెండో శ్రేణి లీగ్‌లో. అతనికి ముందు ఎన్‌బీఏలో రాణించిన జర్మన్ ఫార్వర్డ్ డెట్లెఫ్ ష్రెంఫ్ అమెరికా విశ్వవిద్యాలయంలో ఆడి, అక్కడి ఆటకు అలవాటు పడి లీగ్‌లో అడుగుపెట్టాడు. నోవిట్స్కీకి అలాంటి మెట్టు ఏదీ లేదు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, మిల్వాకీ అతన్ని తొమ్మిదో స్థానంలో ఎంచుకుని, ముందుగా కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం డాలస్‌కు ఇచ్చేసింది. బదులుగా మిల్వాకీకి దక్కినవాడు ఆరో స్థానంలో ఎంపికైన రాబర్ట్ ట్రేలర్. అదే సమయంలో ఫీనిక్స్ నుంచి స్టీవ్ నాష్‌ను కూడా డాలస్ తెచ్చుకుంది. జర్మనీలో 14 నంబరు జెర్సీ వేసుకునే నోవిట్స్కీ, డాలస్‌లో ఆ నంబరు మరొకరి దగ్గర ఉండటంతో అంకెలను తిరగేసి 41 తీసుకున్నాడు.

తొలి సీజన్ నిరాశపరిచింది. యాజమాన్యాలకూ ఆటగాళ్లకూ మధ్య వివాదంతో ఆ సీజన్ 50 మ్యాచ్‌లకు కుదించుకుపోయింది. నోవిట్స్కీ సగటు 8.2 పాయింట్లు. ప్రత్యర్థి ఫార్వర్డ్‌లు అతన్ని బుట్ట దగ్గర సులభంగా నెట్టివేసేవారు. ఐరోపా ఆటగాళ్లు సుకుమారులనీ, తోపులాటకు తట్టుకోలేరనీ అప్పట్లో బలంగా ఉన్న అభిప్రాయానికి అతనే ఉదాహరణ అయ్యాడు. అయినా కోచ్ డాన్ నెల్సన్ అతన్ని బుట్ట కింద నిలబెట్టి బలవంతుడిగా మార్చే ప్రయత్నం చేయలేదు. ఎదుటి జట్టు పొడగరులే బుట్ట దగ్గరి నుంచి బయటికి రావాల్సిన పరిస్థితి కల్పించారు. అప్పటివరకు పవర్ ఫార్వర్డ్ అంటే రీబౌండ్లు పట్టి, బుట్టకు వీపు పెట్టి, భుజబలంతో దారి చేసుకునేవాడు. ఏడడుగుల పవర్ ఫార్వర్డ్ మూడు పాయింట్ల గీత దగ్గర నిలబడితే, అతన్ని కాపలా కాసే భారీ మనిషి తనకు అలవాటు లేని చోటికి రావాలి, అతను వస్తే బుట్ట దగ్గర ఖాళీ ఏర్పడుతుంది, రాకపోతే షాట్ పడుతుంది. ఈ ఇరకాటమే డాలస్ దాడికి పునాది అయింది. రెండో సీజన్‌లో నోవిట్స్కీ సగటు 17.5కు, మూడో సీజన్‌లో 21.8కి పెరిగింది. 1990 తర్వాత ప్లేఆఫ్స్ ముఖం చూడని జట్టు 2001లో అక్కడికి చేరింది. 2000-01 నుంచి వరుసగా పదకొండు సీజన్లలో డాలస్ ఏటా కనీసం 50 మ్యాచ్‌లు గెలిచింది.

సొంత దేశం తరఫున అతని ఆట గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పుకోవాలి. 2002లో ఇండియానాపొలిస్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జర్మనీ కాంస్యం, 2005లో ఐరోపా చాంపియన్‌షిప్ అయిన యూరోబాస్కెట్‌లో రజతం గెలిచింది, రెండు టోర్నీలలోనూ ఉత్తమ ఆటగాడు అతనే. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభ వేడుకలో జర్మనీ జెండా పట్టుకున్నదీ అతనే.

డాలస్ ఎక్కిన ప్రతి మెట్టు దగ్గరా ఒక లోపం బయటపడుతూ వచ్చింది. 2006లో జట్టు తొలిసారి ఫైనల్స్ చేరింది. శాన్ ఆంటోనియోపై ఏడో మ్యాచ్‌లో నోవిట్స్కీ 37 పాయింట్లు, 15 రీబౌండ్లు సాధించాడు, తర్వాతి రౌండ్‌లో ఫీనిక్స్‌పై ఒక మ్యాచ్‌లో 50 పాయింట్లు కొట్టాడు. ఫైనల్స్‌లో మయామీపై 2-0 ఆధిక్యంలో ఉండి, మూడో మ్యాచ్‌లో ఆరున్నర నిమిషాల ఆట మిగిలి ఉండగా 13 పాయింట్ల ముందంజలో నిలిచి కూడా డాలస్ 98-96తో ఓడింది. ఆఖరి క్షణాల్లో స్కోరు సమం చేయగల రెండో ఫ్రీ త్రోను నోవిట్స్కీ తప్పాడు. ఆ మ్యాచ్‌తో మొదలుపెట్టి డాలస్ వరుసగా నాలుగు ఓడింది.

ఆ మరుసటి ఏడాది వారియర్స్ చేతిలో జరిగింది అంతకంటే లోతైన గాయం. ఆ జట్టు కోచ్ మరెవరో కాదు, నోవిట్స్కీని డాలస్‌లో పెంచి పెద్దచేసిన డాన్ నెల్సనే. అతని బలహీనతలు ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. వారియర్స్ అతని మీదికి పొడగరులను పంపలేదు. స్టీఫెన్ జాక్సన్ వంటి, అతని కంటే ఎత్తులో పొట్టి అయినా కాళ్లలో చురుకుదనం, ఒంట్లో బలం ఉన్నవారిని పంపారు. వాళ్లు అతని నడుము కిందికి దూరి, తొడలకు ఆనుకుని నిలబడేవారు. నోవిట్స్కీ పక్కవాటంగా బంతి అందుకుని, దాన్ని నేలకు కొడుతూ బుట్ట వైపు కదలబోగానే ఆ ఎత్తైన మనిషి చేతికీ నేలకూ మధ్య ఉన్న దూరంలో పొట్టివాడి చెయ్యి దూరేది. పక్క గీత ఒకవైపు గోడలా ఉండటం వల్ల రెండో డిఫెండర్ ఏ దిక్కు నుంచి రావాలో ముందే తెలిసిపోయేది. అలా అతని ఎత్తే అతనికి భారమైంది. ఆ సీజన్‌లో ఫీల్డ్ షాట్లలో 50, మూడు పాయింట్ల షాట్లలో 40, ఫ్రీ త్రోలలో 90 శాతం దాటిన అరుదైన షూటర్‌కు, షాట్ వేసే చోటే లేకుండా చేశారు.

ఆ వేసవిలో నోవిట్స్కీ గెష్‌విండ్నర్‌తో కలిసి ఆస్ట్రేలియా వెళ్లి, కొన్ని వారాలు అందరికీ దూరంగా గడిపాడు. ఆ ప్రయాణం గురించి చాలామంది రాశారు. కానీ ఆట దృష్ట్యా దానికన్నా ముఖ్యమైనది ఆ తర్వాత మూడేళ్లలో, ముఖ్యంగా 2008లో రిక్ కార్లైల్ కోచ్‌గా వచ్చాక, కోర్టులో అతని స్థానంలో వచ్చిన మార్పు. అతను పక్కల నుంచి మధ్యకు జరిగాడు. ఫ్రీ త్రో గీత చుట్టుపక్కల, బుట్టకు నాలుగైదు మీటర్ల దూరంలో బంతి అందుకోవడం మొదలుపెట్టాడు. అక్కడ పక్క గీత అడ్డు లేదు, ఎడమకూ కుడికీ సమానంగా దారి ఉంటుంది. రెండో డిఫెండర్ ఎటు నుంచి బయలుదేరినా అతని కళ్ల ముందే బయలుదేరాలి, అలా వదిలివచ్చిన ఆటగాడికి ఒక్క పాస్‌తో బంతి చేరుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అక్కడి నుంచి షాట్ వేయడానికి బంతిని నేలకు ఒక్కసారి కొడితే చాలు, ఒక్కోసారి అదీ అక్కర్లేదు. పొట్టివాడి చేతికి బంతి దొరికే అవకాశమే పోయింది.

ఈ చోటికి సరిపోయే ఆయుధంగా తయారైందే అతని ప్రసిద్ధ ఒంటికాలి షాట్. దాన్ని నెమ్మదిగా చూస్తే ఇలా ఉంటుంది: డిఫెండర్‌కు భుజం ఆనించి బంతి అందుకుంటాడు, అటూ ఇటూ ఒకటి రెండు సార్లు భుజం కదిపి ఎదుటివాడి బరువు ఏ కాలి మీద ఉందో కనిపెడతాడు, తర్వాత ఎడమ కాలిని నేలకు తన్ని వెనక్కి ఒరుగుతూ ఎగురుతాడు, అదే సమయంలో కుడి మోకాలు నడుము దాకా లేస్తుంది, బంతి తల వెనుక నుంచి పైకి లేచి వేళ్ల చివరల నుంచి జారిపోతుంది. వెనక్కి ఒరగడం వల్ల ఒక అడుగు దూరం పెరుగుతుంది, లేచిన మోకాలు డిఫెండర్‌ను మరింత దగ్గరికి రానివ్వదు, ఏడడుగుల మనిషి చేతులు పూర్తిగా చాచినప్పుడు బంతి విడిచే ఎత్తును అందుకోవడం దాదాపు ఎవరి వల్లా కాదు. సాధారణంగా వెనక్కి ఒరిగి వేసే షాట్‌లో తూకం తప్పుతుంది కాబట్టి దాన్ని కోచ్‌లు చెడ్డ షాట్ అంటారు. ఇక్కడ లేచిన మోకాలే తూకం నిలబెడుతుంది. కాబట్టి ఇది ప్రదర్శన కోసం చేసిన విన్యాసం కాదు, 2007లో అతన్ని బంధించిన డిఫెన్స్‌కు అంశం తర్వాత అంశంగా సమాధానం.

నోవిట్స్కీ గురించి మాట్లాడేటప్పుడు, పవర్ ఫార్వర్డ్‌ను మూడు పాయింట్ల గీత దగ్గరికి తెచ్చినవాడిగా అతన్ని కీర్తించడం పరిపాటి. మొదటి ఆరేడేళ్ల విషయంలో అది నిజమే. కానీ అతని అత్యుత్తమ ఆట గీత దగ్గరిది కాదు, మధ్య దూరానిది. తొలినాళ్లలో మ్యాచ్‌కు నాలుగైదు దాకా వేసిన మూడు పాయింట్ల షాట్లు టైటిల్ నాటికి రెండు చిల్లరకు తగ్గాయి. నేటి లీగ్‌లో లాభం తక్కువని జట్లు పక్కన పెడుతున్న మధ్య దూరపు షాటే అతన్ని శిఖరానికి చేర్చింది. అంత నిలకడగా ఆ షాట్ వేయగలవారు చాలా అరుదు కాబట్టి దాన్ని అందరికీ వర్తించే పద్ధతిగా చూడలేం. అయితే ప్లేఆఫ్స్ చివరి నిమిషాల్లో, సులభమైన దారులన్నీ మూసుకుపోయినప్పుడు మిగిలేది ఆ షాట్ ఒక్కటే.

2011 ప్లేఆఫ్స్ దీనికి నిదర్శనం. పోర్ట్‌లాండ్‌ను దాటి, రెండేళ్లుగా చాంపియన్‌గా ఉన్న లాస్ ఏంజెలెస్ లేకర్స్‌ను 4-0తో ఊడ్చేసిన డాలస్, ఓక్లహోమా సిటీతో తలపడింది. ఆ సిరీస్ తొలి మ్యాచ్‌లో నోవిట్స్కీ పదిహేను షాట్లలో పన్నెండు, ఇరవై నాలుగు ఫ్రీ త్రోలలో ఇరవై నాలుగూ వేసి 48 పాయింట్లు సాధించాడు. ప్రత్యర్థులు అతని మీదికి ఒకరి తర్వాత ఒకరిగా డిఫెండర్లను మార్చారు. పొడగరి వస్తే వెనక్కి ఒరిగి వేశాడు, పొట్టివాడు వస్తే తల మీదుగా వేశాడు, ఇద్దరు వస్తే పాస్ ఇచ్చాడు, కొట్టినవాడి మీద ఫ్రీ త్రోలు రాబట్టాడు. నాలుగో మ్యాచ్‌లో ఐదు నిమిషాల ఆట మిగిలి ఉండగా 15 పాయింట్లు వెనుకబడిన జట్టు అదనపు సమయంలో గెలిచింది, అందులో అతనివి 40.

ఫైనల్స్‌లో మళ్లీ మయామీయే ఎదురైంది. డ్వేన్ వేడ్‌కు తోడుగా ఈసారి లెబ్రాన్ జేమ్స్, క్రిస్ బాష్ ఉన్నారు. తొలి మ్యాచ్‌లో నోవిట్స్కీ ఎడమ చేతి మధ్య వేలి స్నాయువు తెగింది, డాలస్ ఓడింది. రెండో మ్యాచ్‌లో ఏడు నిమిషాలు మిగిలి ఉండగా 88-73తో వెనుకబడిన జట్టు 95-93తో గెలిచింది, ఆఖరి తొమ్మిది పాయింట్లూ అతనివే, గెలుపు బంతిని గాయపడిన ఆ ఎడమ చేత్తోనే వేశాడు. నాలుగో మ్యాచ్‌ను జ్వరంతో ఆడాడు. ఆరో మ్యాచ్ ప్రథమార్ధంలో అతని పన్నెండు షాట్లలో ఒక్కటే పడింది. 2007 నాటి ఆఖరి మ్యాచ్‌ను గుర్తుచేసే అంకె అది. తేడా ఏమిటంటే ఈసారి అతనికి కావలసిన చోట కావలసిన షాట్లే దొరికాయి, అవి పడలేదంతే. జేసన్ టెరీ 27 పాయింట్లతో జట్టును నిలబెట్టాడు, జేసన్ కిడ్, టైసన్ చాండ్లర్, షాన్ మారియన్ డిఫెన్స్‌ను చూసుకున్నారు, నోవిట్స్కీ తన చోటు వదలకుండా అవే షాట్లు వేస్తూ ద్వితీయార్ధంలో 18 పాయింట్లు సాధించాడు. 105-95తో ఆట ముగుస్తుండగా అతను కోర్టు పక్కనున్న స్కోరర్ల బల్ల దాటి, కన్నీళ్లు ఎవరికీ కనబడకుండా లోపలి గదిలోకి వెళ్లిపోయాడు. ట్రోఫీ అందుకోవడానికి అతన్ని పిలుచుకురావాల్సి వచ్చింది.

ఆ తర్వాతి ఎనిమిదేళ్లలో డాలస్ ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలవలేదు. టైటిల్ గెలిచిన జట్టును యాజమాన్యం కొనసాగించకపోవడం అందుకు ప్రధాన కారణం. చాండ్లర్‌ను వెంటనే వదులుకోవడం పెద్ద పొరపాటని చెప్పక తప్పదు. 2014లో ఇతర జట్ల దగ్గర చాలా ఎక్కువ సొమ్ము దొరికే అవకాశం ఉన్నా, నోవిట్స్కీ మూడేళ్లకు సుమారు 2.5 కోట్ల డాలర్లకే సంతకం చేశాడు. మిగిలిన డబ్బుతో మంచి ఆటగాళ్లను తెస్తారన్న ఆశ పెద్దగా ఫలించలేదు. మోకాలి శస్త్రచికిత్స, తర్వాత చీలమండ శస్త్రచికిత్స అతని కదలికను తగ్గించాయి కానీ, పెద్దగా ఎగరనవసరం లేని షాట్‌కు వయసు అంత త్వరగా అడ్డం రాదు. 2017 మార్చి 7న లేకర్స్‌పై ఆడుతూ 30,000 పాయింట్లు దాటిన ఆరో ఆటగాడయ్యాడు. 1,522 మ్యాచ్‌లలో 31,560 పాయింట్లతో ముగించాడు. ఒకే జట్టుకు ఇరవై ఒక్క సీజన్లు ఆడిన తొలి ఆటగాడు అతనే. 2023లో అతనికి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. అంతకు కొన్ని నెలల ముందు డాలస్ స్టేడియం బయట ఆవిష్కరించిన విగ్రహంలో అతను ఎడమ కాలి మీద వెనక్కి ఒరిగి, కుడి మోకాలు పైకెత్తి ఉంటాడు.

2019 ఏప్రిల్ 9న సొంత మైదానంలో ఆఖరిసారి ఆడి 30 పాయింట్లు కొట్టాడు. మరుసటి రోజు చివరి మ్యాచ్ శాన్ ఆంటోనియోలో జరిగింది. ఇరవై ఒక్కేళ్ల కిందట హూప్ సమ్మిట్‌లో ఒక జర్మన్ కుర్రవాడిని అమెరికా తొలిసారి గమనించింది ఆ నగరంలోనే. నలభై ఏళ్ల నోవిట్స్కీ అక్కడ 20 పాయింట్లు, 10 రీబౌండ్లు సాధించి కోర్టు దిగాడు.